పిరుదు లోపల నొప్పి, రిపోర్టులో ‘ఇస్కియోఫిమోరల్ ఇంపింజ్‌మెంట్’ అని వచ్చింది. ఎవరికైనా అనుభవం ఉందా?

భద్రకాళి_గట్టు (హన్మకొండ)

అందరికీ నమస్తే. నాకు 47 ఏళ్లు, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఎడమ పిరుదు కింద, కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఎముక ఉంటుంది కదా, దానికి కాస్త బయటి పక్కగా, బాగా లోతుగా నొప్పి. ఎక్కడో చూపించమంటే వేలు పెట్టి చూపించగలను గానీ, నొక్కితే మాత్రం అందదు. ఒక్కోసారి గజ్జల్లోకి వస్తుంది. ఒక్కోసారి తొడ వెనక నుంచి మోకాలి దాకా దిగుతుంది.

మొదట అందరూ సయాటికా అన్నారు. నడుముకి ఎంఆర్‌ఐ తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కొద్దిగా ఉబ్బిందని వచ్చింది. నరాల మాత్రలు, బెల్టు, ట్రాక్షన్ అన్నీ అయ్యాయి. నాకు నడుము నొప్పే లేదు, వంగినా లేచినా ఏమీ కాదు అని చెప్తూనే ఉన్నాను. నొప్పి వచ్చేది పొద్దున వాకింగ్‌లో. అది కూడా టైం అయిపోతోందని పెద్ద పెద్ద అంగలు వేస్తేనే. మెల్లగా నడిస్తే ఓర్చుకోవచ్చు. అప్పుడప్పుడు కాలు వెనక్కి వెళ్లినప్పుడు లోపల ‘టక్’మని ఏదో జారుతుంది.

ఈ మధ్య వేరే డాక్టర్ తుంటికి ఎంఆర్‌ఐ రాశారు. ఎడమ పక్క ఇస్కియోఫిమోరల్ స్పేస్ 12 మి.మీ., క్వాడ్రేటస్ ఫిమోరిస్ స్పేస్ 6 మి.మీ., ఆ కండరంలో ఎడీమా (నీరు చేరిన వాపు) అని ఉంది. కుడి పక్క 16 మి.మీ., ఎడీమా లేదు. డాక్టర్ గారు రిపోర్టు చూసి, “ఎముకల మధ్య సందు తక్కువగా ఉంది, తగ్గకపోతే ఎముక కొంచెం చెక్కాలి” అని రెండు మాటల్లో చెప్పి పంపించారు. అప్పట్నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది అసలు ఏం జబ్బు? ఆపరేషన్ తప్పదా?

ఫిజియో_కాకినాడ

మేడమ్, ముందు ఒక మాట. మీరు రాసిన దాంట్లో 12 మి.మీ. కన్నా నాకు విలువైనది “పెద్ద అంగలు వేస్తేనే” అన్న ముక్క. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ముక్కే ముందు చెప్పండి.

కూర్చునే ఎముకని ఇస్కియం అంటాం. తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు ఒక చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని లెసర్ ట్రొకాంటర్ అంటారు. ఈ రెండింటి మధ్య సందులో క్వాడ్రేటస్ ఫిమోరిస్ అనే పలకలాంటి చిన్న కండరం ఉంటుంది. కాలు వెనక్కి వెళ్లి, రెండో కాలి వైపు దగ్గరగా జరిగి, పాదం బయటికి తిరిగిందనుకోండి, సందు బాగా ఇరుకవుతుంది. తలుపు సందులో వేలు పడ్డట్టు ఆ కండరం నలుగుతుంది. సయాటిక్ నరం దాన్ని ఆనుకునే వెళ్తుంది. అందుకే తొడ వెనక్కి దిగుతుంది నొప్పి, అందుకే అందరూ దాన్ని సయాటికా అనుకుంటారు.

ఇది ఎక్కువగా నడివయసు ఆడవాళ్లలో కనిపిస్తుంది. ఆడవాళ్లకి కటి ఎముక వెడల్పు ఎక్కువ, సందు సహజంగానే మగవాళ్ల కన్నా కాస్త తక్కువ. కానీ ఒకటి ఆలోచించండి. ఆ ఎముకలు మీకు ఇరవై ఏళ్లప్పుడూ అలాగే ఉన్నాయి. నొప్పి ఇప్పుడే ఎందుకొచ్చింది? నా అనుభవంలో ఎక్కువ మందికి జవాబు పిరుదు పక్కన ఉండే కండరంలో దొరుకుతుంది. గ్లూటియస్ మీడియస్ అంటారు. అది నీరసపడితే, ఒంటికాలి మీద బరువు పడ్డ ప్రతిసారీ కటి అవతలి పక్కకి ఒరిగిపోతుంది. అప్పుడు తొడ ఎముక లోపలికి జరిగి, ఉన్న సందు కూడా మూసుకుపోతుంది.

ఆపరేషన్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. అది చివరి మెట్టు.

స్కాన్_గది (హైదరాబాద్)

నేను రేడియాలజీలో పని చేస్తాను. ఆ మి.మీ. లెక్కల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రిపోర్టులో అంకె కనపడగానే జనం దానికే భయపడిపోతున్నారు.

2009లో వచ్చిన ఒక ఎంఆర్‌ఐ అధ్యయనంతో ఈ కొలతలు బాగా వాడకంలోకి వచ్చాయి. నొప్పి ఉన్నవాళ్లలో ఎముకల మధ్య సందు సగటున 13 మి.మీ., లేనివాళ్లలో 23 మి.మీ. కండరానికి దొరికే చోటు నొప్పి ఉన్నవాళ్లలో 7 మి.మీ., లేనివాళ్లలో 12 మి.మీ. అయితే నొప్పి ఉన్న గుంపులో ఉన్నది 9 మంది, వాళ్లవి 12 తుంటులు, అందరూ ఆడవాళ్లే. చాలా చిన్న అధ్యయనం. తర్వాత 2015లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు 15 మి.మీ. కన్నా తక్కువైతే అనుమానించాలి అని ఒక గీత గీశారు. ఆ గీత పెట్టుకున్నా నొప్పి ఉన్న నూరు మందిలో 77 మందినే పట్టుకుంటుంది. నొప్పి లేని నూరు మందిలో 19 మందిని కూడా ‘ఉంది’ అనేస్తుంది. కాబట్టి అంకె ఒక్కటే రోగం కాదు.

ఇంకో సంగతి రిపోర్టులో రాయరు. ఎంఆర్‌ఐ తీసేటప్పుడు మనిషిని వెల్లకిలా పడుకోబెడతాం. కాళ్లు కదలకుండా చాలాచోట్ల బొటనవేళ్లు దగ్గరికి తెచ్చి పాదాలకి టేపు వేస్తారు. పాదం లోపలికి తిరిగితే సందు పెరుగుతుంది, బయటికి తిరిగితే తగ్గుతుంది. అంటే ఒకే మనిషికి, అదే రోజు, పాదం ఎలా పెట్టారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. పైగా నొప్పి వచ్చేది నడకలో, ఫొటో తీసింది పడుకున్నప్పుడు. రెండోసారి ఎక్కడైనా తీయించుకుంటే పాదాలు ఏ పొజిషన్లో పెట్టారో అడిగి రాయించుకోండి.

మీ రిపోర్టులో నన్ను ఆపింది ఎడీమా అన్న మాట, అది కూడా నొప్పి ఉన్న పక్కే ఉండటం. కుడి పక్క సందు కూడా అంత ఎక్కువేమీ లేదు, కానీ అక్కడ కండరం శుభ్రంగా ఉంది, నొప్పీ లేదు. ఎడీమా కండరం మధ్యలో, ఎముకలు దగ్గరయ్యే చోట ఉంటే నలుగుడు అని అనుకుంటాం. కండరం స్నాయువుతో కలిసే చోట ఉంటే చిరుగు కావచ్చు. అలాంటివాళ్లు సాధారణంగా “ఫలానా రోజు జారాను, అప్పట్నుంచి” అని చెప్తారు. పక్కనే హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) మొదలయ్యే చోటు ఎలా ఉందో కూడా రిపోర్టులో ఉందేమో చూడండి.

ఇక ఎల్4-ఎల్5 ఉబ్బు. నలభై దాటిన వాళ్లకి, ఏ నొప్పీ లేనివాళ్లకి కూడా, నడుము స్కాన్ తీస్తే అది తరచుగా కనిపిస్తుంది.

నిర్వాహకుడు

చిన్న మనవి. స్కాన్ ఫొటోలు పెట్టేవాళ్లు దయచేసి పేరు, వయసు, ఆస్పత్రి నంబరు కనపడకుండా కత్తిరించి పెట్టండి. ఏ ఆస్పత్రి మీదా, డాక్టర్ మీదా పేరు పెట్టి రాయొద్దు. చర్చ బాగా జరుగుతోంది, కొనసాగించండి.

పెన్నా_తీరం (నెల్లూరు)

అమ్మా, నాకు డెబ్బై దాటాయి, పెద్దవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఇది నరం పట్టు. మా రోజుల్లో ఆముదం వేడి చేసి, మోచేత్తో గట్టిగా తొక్కించేవాళ్లు, లేచి పరిగెత్తేవాళ్లం. లేదంటే ఒకసారి పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకో తల్లీ. ఈ స్కాన్లు, సూదులు ఎందుకు?

ఫిజియో_కాకినాడ

అయ్యా, నమస్కారం. వేడి కాపడం పెట్టుకోవడంలో తప్పేం లేదండి, చుట్టూ బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. మోచేత్తో తొక్కించడం మాత్రం వద్దు. నలిగిన కండరం పెద్ద పిరుదు కండరం అడుగున ఉంది, పై నుంచి నొక్కితే దానికంటే ముందు సయాటిక్ నరం నలుగుతుంది. ఇప్పటికే వాచి ఉన్న చోట అది ఇంకా మండిపోతుంది. పుత్తూరు కట్టు విరిగిన ఎముకల కోసం వెళ్లేది. ఇక్కడ విరిగిందేమీ లేదు కదండీ.

మేడమ్, రోగ నిర్ధారణ గురించి. మంచి ఆర్థో డాక్టర్ గానీ ఫిజియో గానీ రెండు పరీక్షలు చేస్తారు. ఒకటి, వరండాలో మిమ్మల్ని పెద్ద అంగలు వేయించి నడిపిస్తారు. వెనక కాలు నేల వదిలే ముందు క్షణంలో, ఆ ఎముక బయటి పక్క, మీ నొప్పి అచ్చంగా వస్తుందా? చిన్న అంగలు వేస్తే, లేదా కాళ్లు ఎడంగా పెట్టి నడిస్తే పోతుందా? రెండోది, నొప్పి లేని పక్కకి తిరిగి పడుకోబెట్టి, పై కాలిని మోకాలు వంచి పట్టుకుని వెనక్కి లాగుతారు. కాలు నిటారుగా గానీ లోపలికి గానీ ఉన్నప్పుడు నొప్పి వచ్చి, పక్కకి ఎత్తి లాగితే రాకపోతే అనుమానం బలపడుతుంది. 2016లో ఈ రెండు పరీక్షల్నీ లెక్కగట్టి చూశారు. పెద్ద అంగల నడక పరీక్ష రోగం ఉన్నవాళ్లలో నూటికి 94 మందిని పట్టుకుంది. దీనికి మిషన్ అక్కర్లేదు, ఖర్చు లేదు. అయినా చాలాచోట్ల పేషంట్‌ని కుర్చీలోంచి లేపి నడిపించనే నడిపించరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

దగ్గర దగ్గర లక్షణాలుండే వేరే జబ్బులు కూడా ఉన్నాయి. కూర్చుంటేనే ఎక్కువ నొప్పి, నడిస్తే హాయి అనిపిస్తే పిరిఫార్మిస్ అనే పిరుదు లోపలి కండరం దగ్గర సయాటిక్ నరం ఒత్తుకుందేమో చూడాలి. సరిగ్గా కూర్చునే ఎముక మీదే నొప్పి, మోకాలు మడవబోతుంటే అడ్డుపట్టినప్పుడు ఎక్కువవుతుంటే హ్యామ్‌స్ట్రింగ్. తుంటి బయటి పక్క ఎముక మీద, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతే అది వేరే. గజ్జల్లోనే నొప్పి, కూర్చుని కాలు లోపలికి తిప్పలేకపోతే తుంటి కీలు అరుగుదల గానీ, తొడ ఎముక తలకి, అదే బంతికి, రక్తం అందకపోవడం గానీ, అంటే ఏవీఎన్, చూసుకోవాలి. స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఏవీఎన్ సంగతి అసలు మర్చిపోకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే టీబీ, గడ్డలు లేవని తేల్చుకోవాలి. మూత్రం మీద అదుపు తప్పినా, కాళ్ల మధ్య తిమ్మిరి పట్టినా మాత్రం ఫోరంలో రాస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

భద్రకాళి_గట్టు (హన్మకొండ)

చాలా థాంక్స్ అండీ. ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. మా ఇంటి కారిడార్‌లో నడిచి చూశాను. మీరు రాసినట్టే, వెనక కాలు వదిలే ముందే పట్టుకుంటోంది. కాళ్లు ఎడంగా పెట్టి నడిస్తే దాదాపు లేదు. కూర్చుంటే పెద్దగా ఇబ్బంది లేదు, కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా బాగానే ఉంటుంది. జ్వరం, బరువు తగ్గడం ఏమీ లేవు. బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఒక కాలి మీద బరువేసి ఒరిగి నిలబడటం నాకు అలవాటు. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఫిజియో_కాకినాడ

ఉందండి, బాగా ఉంది. అలా ఒరిగి నిలబడితే బరువు మోసే పక్క తుంటి బయటికి పొడుచుకొస్తుంది, తొడ లోపలికి జరుగుతుంది. గంటల తరబడి ఆ సందు ఇరుకులోనే ఉంటుంది. ముందు దాన్ని మార్చండి. రెండు కాళ్ల మీదా సమంగా, పాదాలు తుంటి వెడల్పున పెట్టి నిలబడండి.

నడక మానక్కర్లేదు. అంగ చిన్నది చేసి, అడుగులు త్వరగా వేయండి, వేగం అంతే వస్తుంది. రెండు పాదాల మధ్య కాస్త ఎడం ఉండనివ్వండి. ట్రెడ్‌మిల్ ఇప్పుడు వద్దు, బెల్టు కాలిని వెనక్కి లాక్కుపోతుంది. కాలు మీద కాలేసుకుని కూర్చోవద్దు. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. దిండు మడమల దాకా రావాలి, లేకపోతే మోకాలు పైన, పాదం కింద అయిపోయి లాభం లేదు.

వ్యాయామాల్లో నేను ముందు నేర్పించేది ఇది. గోడకి వీపు, పిరుదులు, మడమలు ఆనించి, బాగున్న పక్కకి తిరిగి పడుకోండి. పై కాలు మడమ గోడని రాసుకుంటూ పైకి లేవాలి. బొటనవేలు కొంచెం నేల వైపు చూస్తుండాలి. ఎక్కువ ఎత్తక్కర్లేదు, మెల్లగా ఎత్తి, మెల్లగా దించండి, కింది కాలిని తాకకముందే ఆపండి. తాకేదాకా దించితే మళ్లీ ఆ సందు మూసినట్టే. చెయ్యి తుంటి పక్కన పెట్టుకుంటే కండరం గట్టిపడటం తెలుస్తుంది. తొడ ముందు వైపు లాగుతోందంటే మీరు ముందుకి ఒరిగారని అర్థం. అది సులువయ్యాక అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడటం. నడుము దగ్గర చీర అంచు ఒక పక్కకి వాలకుండా చూసుకోవాలి. బ్రిడ్జి వ్యాయామంలో (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పిరుదులు ఎత్తడం) నడుముని ఆకాశానికి ఎత్తొద్దు, మోకాలు, తుంటి, భుజం ఒక గీతలోకి వస్తే చాలు.

హ్యామ్‌స్ట్రింగ్ సాగదీయడం ఇప్పుడే వద్దు. యూట్యూబ్‌లో సయాటికాకి చూపించే సాగదీతలన్నీ దీనికి పనికిరావు. దగ్గర్లో ఉన్న ఫిజియోని ఒకసారి కళ్లారా చూడనివ్వండి, నేను ఇక్కణ్నుంచి మీ నడక చూడలేను. ఫలితానికి మూడు నెలలైనా ఆగాలి. వాపు తగ్గించే మాత్రలు వాడాల్సి వస్తే బీపీ, కిడ్నీ, కడుపులో మంట సంగతి డాక్టర్‌కి చెప్పి వాడండి.

అరమండి (విశాఖపట్నం)

నేను కూచిపూడి నేర్పిస్తాను. ఇది చదువుతుంటే నా కుడి పక్క నొప్పి గురించే రాసినట్టుంది. నాకు అరమండిలో (మోకాళ్లు పక్కలకి మడిచి సగం కూర్చునే భంగిమ) కూర్చుంటే నొప్పి లేదు, అందుకే తుంటిది కాదేమో అనుకున్నాను. కొన్ని అడుగుల్లో మాత్రం వస్తుంది, ముఖ్యంగా కాలు వెనక్కి తెచ్చి రెండో మడమ వెనక మునివేళ్లు పెట్టేటప్పుడు. అరమండిలో పాదాలు అంత బయటికి తిప్పుతాం కదా, మరి అప్పుడెందుకు రావట్లేదు?

ఫిజియో_కాకినాడ

మంచి ప్రశ్న అమ్మా. అరమండిలో పాదం బయటికి తిరిగి ఉన్నా, తుంటి ముందుకి వంగి ఉంటుంది, మోకాళ్లు ఎడంగా ఉంటాయి. ఆ రెండూ ఎముకలకి చోటిస్తాయి. మీరు చెప్పిన అడుగులో, స్వస్తిక పాదంలో (ఒక కాలు రెండోదాన్ని అడ్డంగా దాటే భంగిమలో) వెనక నిలిచే కాలికి కూడా, మూడూ ఒకేసారి జరుగుతాయి. కాలు వెనక్కి పోతుంది, రెండో కాలిని దాటి లోపలికి వస్తుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. ఈ సందు ఇరుకవడానికి ఏమేం కావాలో అవన్నీ ఆ ఒక్క భంగిమలో ఉన్నాయి. బ్యాలే చేసేవాళ్లలో కూడా ఈ సమస్య కనపడేది అందుకే. పరీక్ష చేయించుకోండి. నొప్పి తగ్గేదాకా ఆ అడుగుల్ని పిల్లలకి నోటితో చెప్పి, మీరు చేయకుండా ఉంటే మంచిది. అరమండి మానక్కర్లేదు.

అరమండి (విశాఖపట్నం)

ఇప్పుడు అర్థమైంది. వచ్చే ప్రదర్శనలో నా పాత్రకి ఆ అడుగులు లేకుండా మార్చుకుంటాను. పిల్లల్లో ఎవరైనా “వెనక పట్టుకుంటోంది టీచర్” అంటే ఇక ఊరుకోమని చెప్పను, నడిపించి చూస్తాను.

డాలస్_అక్క

నేను ఆపరేషన్ చేయించుకున్న మనిషిని కాబట్టి ఆ వైపు కూడా చెప్తాను. నాకు తొడ ఎముక పుట్టుకతోనే ఎక్కువ ముందుకి మెలితిరిగి ఉంది, యాంటివర్షన్ అంటారు, సీటీలో కొలిచి చెప్పారు. ఏడాది పైగా ఫిజియో చేశాను. ఇంజెక్షన్ తీసుకుంటే హాయిగా ఉండేది, కానీ మళ్లీ తిరగబెట్టేది. అప్పుడు గానీ సర్జన్ ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఇంజెక్షన్‌కి తగ్గింది కాబట్టే నొప్పి అక్కడిదేనన్న నమ్మకం తనకి కుదిరిందని చెప్పారు. దానికీ తగ్గని వాళ్లకి ఎముక చెక్కడం ఆయనకి ఇష్టం లేదు.

ఎండోస్కోపీతో, చిన్న కోతలతో లెసర్ ట్రొకాంటర్‌ని కొంత చెక్కారు. అంతా తీసేయరు. తొడని పైకెత్తే ఇలియోసోవాస్ కండరం వచ్చి అతుక్కునేది ఆ బుడిపెకే. నాకు కొన్నాళ్లు కారెక్కాలంటే కాలిని చేత్తో పట్టుకుని లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. కొన్ని వారాలు చంకకర్రలు. ఇప్పుడు బాగున్నాను, కానీ తర్వాత కూడా ఆ పక్క కండరం పెంచుకోక తప్పలేదు. ఆపరేషన్ అయితే వ్యాయామం తప్పుతుందని ఎవరూ అనుకోవద్దు.

సర్జన్‌ని అడగాల్సిన మాట ఒకటుంది. ఆ చోట ఒక పక్క సయాటిక్ నరం, ఇంకో పక్క తొడ బంతికి రక్తం తీసుకెళ్లే ధమని ఉంటాయి. అది దెబ్బతింటే బంతికే ముప్పు. “మీరు ఇలాంటివి చేశారా, ఏ వైపు నుంచి వెళ్తారు” అని మొహమాటం లేకుండా అడగండి.

అమ్మకోసం (గుంటూరు)

మా అమ్మ జారిపడి తుంటి విరిగితే రెండేళ్ల కిందట కీలు మార్పిడి చేశారు. బాగానే నడిచేది. కొన్నాళ్లుగా ఆ పక్క పిరుదు లోపల నొప్పి అంటోంది. అమ్మకి కూడా ఇదే కావచ్చా?

ఫిజియో_కాకినాడ

కావచ్చు తమ్ముడూ. నిజానికి ఈ సమస్యని మొదట గుర్తించిందే అలాంటివాళ్లలో. 1977లో తుంటి ఆపరేషన్లయ్యాక నొప్పి తగ్గని ముగ్గురికి, లెసర్ ట్రొకాంటర్ వెళ్లి ఇస్కియంకి తగులుతోందని తేల్చారు. ఆ బుడిపె తీసేస్తే తగ్గింది. కీలు మార్చినప్పుడు తొడ ఎముక మునుపటికన్నా లోపలికి కూర్చుంటే, ఆఫ్‌సెట్ తగ్గింది అంటారు, సందు తగ్గిపోతుంది. ఎముక విరిగి బుడిపె స్థానం మారి అతుక్కున్నా అంతే.

కానీ మార్చిన కీలు ఉన్నవాళ్లకి ముందు తేల్చాల్సింది ఇది కాదు. కీలు వదులైందా, లోపల ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నది ముందు. ఎక్స్‌రే, రక్తంలో వాపు జాడ చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలతో మొదలుపెడతారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే త్వరగా తీసుకెళ్లండి, పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి. ఈలోగా ఇక్కడ రాసిన వ్యాయామాలు అమ్మ చేత చేయించొద్దు.

అమ్మకోసం (గుంటూరు)

సరే అన్నా. పాత ఎక్స్‌రేలు బీరువాలోనే ఉన్నాయి. సోమవారం తీసుకెళ్తాను.

భద్రకాళి_గట్టు (హన్మకొండ)

అందరికీ నమస్తే, కబురు చెప్దామని వచ్చాను. హైదరాబాద్‌లో ఇంకో ఆర్థో డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆమె రిపోర్టు కవరు పక్కన పెట్టి, ముందు నన్ను వరండాలో నడిపించారు. తర్వాత పక్కకి పడుకోబెట్టి కాలు లాగి చూశారు. ఒంటికాలి మీద నిలబడమంటే కటి కుడి పక్కకి వాలిపోయింది. అప్పుడు స్కాన్ చూసి, ఇది ఇస్కియోఫిమోరలే, డిస్క్ కాదు అన్నారు. ఆపరేషన్ ఊసే లేదు.

కొన్ని వారాలు ఫిజియో చేశాక సగం తగ్గింది, సగం ఆగిపోయింది. అప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ కండరంలోకి ఇంజెక్షన్ ఇచ్చారు. మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి. కాసేపటికి లేచి పెద్ద అంగలు వేసి నడవమన్నారు. ఎన్నాళ్లకో నొప్పి లేకుండా ఆ నడక నడిచాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాటికి నొప్పి కొంత తిరిగొచ్చింది, భయపడ్డాను. మత్తు దిగిపోతే అంతే, స్టెరాయిడ్ పని చేయడానికి కొన్ని రోజులు పడుతుందని ముందే చెప్పారు. అలాగే మెల్లగా తగ్గింది. ఇప్పుడు క్లాసులో సమంగా నిలబడుతున్నాను, వ్యాయామాలు మానలేదు.

తీసుకోబోయేవాళ్లకి రెండు విషయాలు. ఇంజెక్షన్ రోజు తోడు ఎవరైనా ఉండాలి. నరం పక్కనే కాబట్టి కాలు కొన్ని గంటలు మొద్దుబారొచ్చు, స్కూటీ నడపకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. నాకు బార్డర్‌లో ఉంది, రోజూ చూసుకోమన్నారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కాలని మొక్కు ఉంది. మా వారు వద్దంటున్నారు. డాక్టర్ “నీ ఒంటిని బట్టి చూసుకో” అన్నారు. ఏమంటారు?

స్కాన్_గది (హైదరాబాద్)

చాలా సంతోషం మేడమ్. మత్తుమందుకి వెంటనే నొప్పి పోయిందన్న మాట మీ ఫైలులో రాయించి పెట్టుకోండి. రేపు ఎక్కడికి వెళ్లినా, మీ దగ్గరున్న రుజువుల్లో స్కాన్ కన్నా అదే గట్టిది.

ఫిజియో_కాకినాడ

మొక్కు తీర్చుకోండి మేడమ్, ఈ నెల మాత్రం వద్దు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు అద్దంలో కటి వాలకుండా అర నిమిషం ఆగగలిగాక, మామూలు మెట్లు ఎక్కి దిగిన మర్నాడు కూడా నొప్పి లేదనుకున్నాక వెళ్లండి.

ఆ దారిలో మెట్లు మూడున్నర వేలు. గాలిగోపురం దాకా నిట్టనిలువు, అక్కడ ఊపిరి ఆడక అందరూ మెల్లగానే ఎక్కుతారు. మెట్టు ఎక్కేటప్పుడు తుంటి ముందుకి వంగుతుంది కాబట్టి మీ సందుకి ఇబ్బంది తక్కువ. ఒక్కొక్క మెట్టే ఎక్కండి, రెండేసి దాటొద్దు, వెనక కాలుతో గట్టిగా తన్నొద్దు. నేను జాగ్రత్తపడమనేది గాలిగోపురం దాటాక వచ్చే చదును దారిలో. అక్కడ కాళ్లు తేలిగ్గా అనిపించి ఎవరికైనా అంగలు పెద్దవైపోతాయి. అక్కడే చిన్న అడుగులు గుర్తుపెట్టుకోండి. మోకాళ్ల పర్వతం దగ్గర పక్కన ఉన్న కమ్మీ పట్టుకుని ఎక్కండి, చెయ్యి ఎడమ కాలి బరువు కొంత తీసుకుంటుంది. దిగేటప్పుడు బస్సులో రండి.